నేను కంప్యూటర్‌గా ఉన్న ఏడు

వెంకటరత్నం సార్ పోయారన్న కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసేసరికి పెద్దకర్మ కూడా దగ్గరపడింది. మలక్‌పేటలో రేస్‌కోర్సు వెనక సందులో ఆయన ఇల్లు. పెద్దకర్మ నాడు వెళ్లేసరికి భోజనాలు అయిపోయి వాకిట్లో ఎంగిలి విస్తళ్లు మూటగట్టి పెట్టి ఉన్నాయి. ఫొటోలో సార్ నాకు గుర్తున్న దానికంటే చిన్నవాడిగా ఉన్నారు. ఎక్కువ దండలు వేస్తే ఊరుకునే మనిషి కాదు కాబట్టి ఒక్కటే వేశామని వాళ్లమ్మాయి చెప్పింది. ఆయన కోస్తా నుంచి ఉద్యోగానికని పాతబస్తీకి వచ్చి, మా ఆడపిల్లల సర్కారీ బడిలో లెక్కలు చెప్పి, మళ్లీ సొంత ఊరికి పోకుండా ఇక్కడే ఉండిపోయారు. తొమ్మిదో తరగతిలో నాకు కంప్యూటర్‌కు పని చెప్పడం నేర్పింది ఆయనే. ఆ పని మీదే నేను ముప్పై ఏళ్లు బతికాను. ఫొటో ముందు నిలబడి దండం పెట్టుకున్నాను. దుఃఖం వస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు. నాకు దుఃఖం ఎప్పుడూ వేళకు రాదు.

వాళ్లమ్మాయి నాకు కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంది. ఆఖరి రోజుల్లో నాన్నగారు బడి సంగతులే మాట్లాడేవారని చెప్పింది. "మీరు స్టూలు మీద కూర్చుని కంప్యూటర్‌లా ఉండేవారటగా" అని నవ్వింది. తర్వాత సరోజ అనే ఒక పిల్ల గురించి మాత్రం బాధపడేవారని చెప్పింది. ఆ పిల్లని ఎక్కువగా అంచనా వేశాననీ, వాళ్ల నాన్నకు లేనిపోని ఆశ పెట్టాననీ అనేవారట. నేను కాఫీ తాగాను. ఆయన అంచనా తప్పు కాదని ఈ భూమ్మీద చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. ఆ మాట ఆయన బతికుండగా చెప్పలేదు. అప్పుడు, ఆ ఇంట్లో, ఆయన కూతురికైనా చెప్పలేదు. గ్లాసు కింద పెట్టి లేచాను. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న ఒక ఆడమనిషి తలెత్తి నన్ను చూసి "నువ్వు సుగుణవే గదా" అంది. సరోజ. జుట్టు సగం నెరిసింది, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, దుకాణం నుంచి నేరుగా వచ్చినట్టుంది. చాంద్రాయణగుట్టలో ఉంటున్నానని, ఆదివారం రమ్మని, తన నంబరు నా ఫోన్‌లో తనే ఎక్కించి వెళ్లిపోయింది. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ నాలుగు రోజులూ నేను ఆ ఒక్క ఏడాదిలోనే ఉన్నాను.

ఆ ఏడు ఎండాకాలంలో మా అమ్మ చనిపోయింది. మూడు రోజుల జ్వరం, నాలుగో రోజు ఆస్పత్రి, అయిదో రోజు లేదు. ఉప్పుగూడ పక్క గల్లీలో రెండు గదుల ఇల్లు మాది. నాన్న సర్కారీ కార్ఖానాలో టర్నర్, లేత్ మిషన్ మీద ఇనుము చెక్కే పని. ఇంట్లో నాన్న, నేను, నాన్న తల్లి, అంటే మా అవ్వ, మిగిలాం. నేను ఏడవలేదు. చర్చిలో ఏడవలేదు, మట్టి పోసేటప్పుడు ఏడవలేదు. చుట్టాలు నన్ను చూసి పిల్ల ఎంత గుండెనిబ్బరంతో ఉందో అని ముందు మెచ్చుకున్నారు, తర్వాత వారం తిరక్కుండా ఈ పిల్లకు రాతిగుండె అన్నారు. రెండూ కాదు. నా లోపల ఏమీ లేదు, అంతే. పన్ను పీకేముందు డాక్టర్ సూది వేస్తే దవడ మనది కానట్టు ఉంటుందే, అట్లా ఉండేది నాకు, ఒళ్లంతా. తింటున్నానని తెలిసేది, ఏం తింటున్నానో తెలిసేది కాదు.

ఇల్లు మాత్రం ఎప్పటిలాగే నడిచింది. తెల్లారకముందే నల్లా వచ్చేది. అవ్వ బిందెలు పట్టి, కిరసనాయిలు స్టవ్‌కు పంపు కొట్టి వెలిగించేది. ఆ వాసన, దాని మీద కాలే జొన్నరొట్టె వాసన, నాన్న ఖాకీ చొక్కా మీది కార్ఖానా నూనె వాసన, మూడూ కలిస్తే మా పొద్దు. అవ్వకు చదువు రాదు. అయినా రోజూ బైబిలు తెరిచి ఒడిలో పెట్టుకుని, పేజీ మీద చెయ్యి వేసి కూర్చునేది. చదివే వాళ్లకంటే ఎక్కువసేపు కూర్చునేది. భోజనాల వేళ నాలుగు పళ్లేలు పెట్టి, ఒకటి చప్పుడు కాకుండా తీసి గూట్లో పెట్టేది. దసరా దాటేదాకా ఆమెకు మూడు పళ్లేలు అలవాటు కాలేదు. నాన్న అది చూసి కూడా చూడనట్టు కూర్చునేవాడు. ఆయన కార్ఖానా బస్సు దిగి వచ్చి, చేతులకు రంపపు పొట్టు రుద్ది నూనె పోగొట్టుకుని, రేడియోలో ఉర్దూ వార్తలు పెట్టుకునేవాడు. వార్తలు అయిపోయాక కూడా రేడియో కట్టేసేవాడు కాదు. మా ముగ్గురికీ మాట్లాడుకోవడానికి ఏమీ దొరికేది కాదు.

అవ్వ చేతులు వణికేవి కాబట్టి నా జడ సరిగా వచ్చేది కాదు. వంకర పాపిడితో బడికి పోతే సరోజ చూసి, ఏమీ అడగకుండా, నీళ్ల ట్యాంకు వెనక్కి లాక్కెళ్లి విప్పి మళ్లీ అల్లింది. మర్నాడు కూడా అల్లింది. ఇక అది ఆనవాయితీ అయిపోయింది. ప్రార్థన గంట కొట్టే లోపల నా తల ఆమె చేతుల్లో ఉండేది. సరోజ వాళ్ల నాయిన అఫ్జల్‌గంజ్‌లో హమాలీ, ధాన్యం బస్తాలు మోసేవాడు. అమ్మ ఇంట్లోనే కూర్చుని లక్క గాజులకు అద్దాలు, రాళ్లు అంటించేది. సరోజ కూడా బడి నుంచి పోయి ఆ పనికే కూర్చునేది, అందుకే ఆమె వేళ్ల మీద ఎప్పుడూ మెరుపు అంటుకుని ఉండేది, నా జుట్టులోకి కూడా వచ్చేది. తొమ్మిదో తరగతి కాగానే బడి బంద్ అని వాళ్ల నాయిన చెప్పేశాడు. సరోజకు చదువుకోవాలని ఉండేది. ఆమె దాన్ని దాచుకునేది కాదు. పెద్దయి లెక్కల టీచరమ్మను అవుతానని, బెత్తం మాత్రం పట్టుకోనని, మాటలతోనే కొడతానని నా వెనక కూర్చుని జడ లాగుతూ చెప్పేది. నేను వినేదాన్ని. ఆ ఏడు నా చెవిలో పడిన సంతోషపు మాటలు అవే.

ఆ వానాకాలంలో బడికి రెండు కంప్యూటర్లు వచ్చాయి. ఏదో సర్కారీ పథకం కింద అక్కడక్కడా బళ్లకు ఇస్తున్నారని చెప్పుకున్నారు. అట్టపెట్టెల్లో వచ్చిన వాటిని పెద్ద మేడమ్ తన గదిలో బీరువా పక్కన పెట్టించి, కుట్టు టీచరుతో పూల గుడ్డ గలీబులు కుట్టించి తొడిగింది. వాటి గురించి తెలిసిన మనిషి బడిలో వెంకటరత్నం సార్ ఒక్కరే, అది కూడా పదిహేను రోజుల శిక్షణకు పోయి వచ్చినందుకు. అయితే మా బడి కరెంటు మంచిది కాదు. ఫ్యాను ఒక పూట గిర్రున తిరిగి, ఒక పూట ముసలిదానిలా ఈడ్చేది. గోడల్లో ఎర్తు తీగ లేదు. స్టెబిలైజరు, ఎర్తు వస్తే గాని మిషన్ల ప్లగ్గు పెట్టకూడదని పైనుంచి కాగితం వచ్చింది. ఆ రెండూ పంపేవాళ్లు మాత్రం వేరే. అట్లా మా కంప్యూటర్లు గలీబులు తొడుక్కుని ఆరు నెలలు కూర్చున్నాయి. దసరాకు ప్యూను వాటికి పసుపు కుంకుమ పెట్టబోతే, పొడి మీటల సందుల్లో పడుతుందని సార్ చేతులు అడ్డం పెట్టి, అట్టపెట్టెలకు పెట్టుకోమన్నారు.

సార్ మాత్రం ఆగలేదు. మిషన్ లేకపోతే ఏం, మనిషిని పెడదాం అన్నారు. తరగతి ముందు ఒక ఎర్ర స్టూలు వేసి, దాని ముందు బల్ల మీద సరోజ తెచ్చిన మూడు ఖాళీ గాజుల పెట్టెలు పెట్టి, వాటి మీద ఎ, బి, సి అని రాశారు. స్టూలు మీద కూర్చున్న పిల్ల కంప్యూటర్. మిగతా పిల్లలు ఇంటి దగ్గర వరుసలకు పది, ఇరవై, ముప్పై అని నంబర్లు వేసి ప్రోగ్రాం రాసుకొచ్చి, ఒక్కొక్క వరుసా గట్టిగా చదవాలి. ఎ ఒకటి అని చదివితే కంప్యూటర్ పిల్ల చీటీ మీద ఒకటి రాసి ఎ పెట్టెలో వేయాలి. ఎ కి ఒకటి కలుపు అంటే పాత చీటీ తీసి, రెండు అని కొత్తది రాసి వేసి, పాతది చింపి బుట్టలో పడేయాలి. ప్రింట్ అంటే పైకి చెప్పాలి. ఇరవయ్యో వరుసకు పో అంటే, చదివే పిల్ల మళ్లీ ఇరవయ్యో వరుస నుంచి చదవాలి. ఎక్కడైనా అర్థం కానిది వస్తే కంప్యూటర్ పిల్ల చేతులు కట్టుకుని ఊరుకోవాలి. ప్రోగ్రాం సరిగా నడిస్తే నోటుబుక్కులో కింద "నడిపినది" అని రాసి కంప్యూటర్ పిల్ల సంతకం చేస్తుంది. నలభై మంది నోటుబుక్కులు దిద్దే ఓపిక ఏ మనిషికి ఉంటుంది గనక. సార్ ఆ సంతకం చూసి మార్కు వేసేవారు.

ముందు ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టి చూశారు. ఒకతె నవ్వేది, ఒకతె స్నేహితురాళ్లకు సైగలు చేసేది. ఆఖరికి నన్ను కూర్చోబెట్టారు. చెప్పింది చేసి, చెప్పనిది చేయకుండా, మొహంలో ఏదీ కనపడనివ్వని పిల్ల ఆయనకు కావాలి. ఆ ఏడు అట్లాంటి పిల్ల ఆ బస్తీ మొత్తంలో నేనే. నన్ను స్టూలు మీద ఎక్కించి, "చూడమ్మా, ఇక్కడ కూర్చున్నాక నీకు ఏడో ఎక్కం రాదు. ఒకటి తర్వాత రెండని కూడా తెలీదు. ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. నీ తెలివి వాడావో, అవతలి పిల్లకి అన్యాయం చేసినదానివవుతావు" అన్నారు. నాకు ఆ స్టూలు నచ్చింది. ఇష్టం అంటే పెద్ద మాటేమో, అక్కడ కూర్చుంటే మాత్రం నయంగా ఉండేది. ఎట్లా ఉన్నావని అడిగేవాళ్లు లేరు. ఒక వరుస, తర్వాత ఇంకో వరుస. చీటీ రాయడం, వేయడం, చింపడం. పీరియడ్ గంట కొట్టాక దిగడానికి మనసొప్పేది కాదు.

సరోజ మొదటిసారి చదివింది ఏడో ఎక్కం. ఎ ఒకటి. ఏడుని ఎ తో గుణించి ప్రింట్ చెయ్యి. ఎ పది దాటకపోతే ఇరవయ్యో వరుసకు పో. అయిపోయింది. ఎ కి ఒకటి కలపమన్న వరుస ఆమె రాయలేదు. ఒకటి తర్వాత రెండు వస్తుందని ఎవరికి తెలియదు, దాన్ని కూడా రాయాలా అనుకుందేమో. నియమం ప్రకారం నేను ఏడు, ఏడు, ఏడు అని చెబుతూ కూర్చోవాలి, పిల్లలంతా నవ్వాలి, సార్ తప్పు చూపించాలి. అట్లా అప్పటికే నలుగురైదుగురికి జరిగింది. నేను ఏడు అన్నాను. తలెత్తితే సరోజ నోటుబుక్కు గుండెలకు ఆనించుకుని, నా నోటి నుంచి పద్నాలుగు ఎప్పుడు వస్తుందా అని చూస్తోంది. సార్ బోర్డు తుడుస్తున్నారు. నేను పాత చీటీ తీసి, రెండు అని రాసి వేసి, పద్నాలుగు అన్నాను. ఇరవై ఒకటి. ఇరవై ఎనిమిది. డెబ్బై దాకా పోయింది. సరోజ గెంతులేసింది. నేను సంతకం చేశాను.

ఆ తర్వాత ఆమె రాసిన ప్రతిదానిలో ఆ వరుస లేదు. సరిసంఖ్యలు, ఎక్కాలు, తరగతి మార్కుల మొత్తం, దేనిలోనూ లేదు. ప్రతిసారీ నేనే కలిపాను, నా చీటీల వైపు ఎవరూ చూసేవారు కాదు. మిగతా పిల్లలకు కలపలేదు, వాళ్ల తప్పులు తప్పులుగానే నడిపాను, వాళ్లు తిట్టుకుంటూ పోయి దిద్దుకొచ్చారు, నేర్చుకున్నారు. సరోజకు ఒక్క మాట చెబితే సరిపోయేది. నీళ్ల ట్యాంకు వెనక, జడ వేసేటప్పుడు, రోజూ పది నిమిషాలు దొరికేది. చెప్పలేదు. ఇది దయ అని చాలా ఏళ్లు నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. కొంత దయే. కానీ చెప్పాలంటే నోరు తెరవాలి, ఆమె మొహం చిన్నబోతే ఓదార్చాలి, వివరించాలి. ఆ ఏడు నాకు అదంతా కొండను కదిలించినంత పని. చీటీ మార్చడం తేలిక. అందుకని మార్చాను. సంక్రాంతి నాటికి తరగతిలో ఒక్కసారి కూడా ప్రోగ్రాం తప్పని పిల్ల సరోజ ఒక్కతే అయింది.

మాఘంలో స్టెబిలైజరు వచ్చింది, ఎర్తు కూడా వేశారు. దానితోపాటు ఇంకో కాగితం కూడా వచ్చింది. ప్రతి బడి నుంచి ఒక పిల్లను ఎంచుకుని, వేసవిలో శిక్షణ ఇచ్చి, ఆ పిల్ల పై చదువును సర్కారే చూసుకుంటుందట. ఎంపిక చేయడానికి పై ఆఫీసు నుంచి మనిషి వస్తాడట. సార్ ఆ కాగితం జేబులో పెట్టుకుని సరోజ వాళ్ల ఇంటికి పోయారు. ఆ రోజు జరిగింది మర్నాడు సరోజ నా వెనక కూర్చుని పూసగుచ్చినట్టు చెప్పింది. సార్‌కు మంచం వేశారట. మీ పిల్ల ఒక్కసారి కూడా తప్పలేదు, తప్పకుండా ఎంపికవుతుంది అని సార్ చెప్పారట. వాళ్ల నాయిన చాలాసేపు ఆలోచించి, "పెద్దోళ్లు సూసి, ఈ పోరికి అక్కెరకొచ్చే తెలివుందని రాసిస్తే సదివిస్త సార్. లేకుంటే మా తిప్పలు మమ్ముల పడనియ్యండ్రి" అన్నాడట. సరోజ అది చెబుతుంటే ఆమె వేళ్లు నా తలలో ఆగిపోయాయి. "సుగుణా, నేను గెలుస్తనే" అంది. గెలుస్తావు అన్నాను. అప్పుడైనా చెప్పవచ్చు. ఇంకా వారం ఉంది. ఆ వారంలో మిషన్లు పెట్టి, ఒక్కొక్కరితో వాళ్ల పేరు మాత్రం కొట్టించారు సార్. సరోజ తన పేరు తెర మీద చూసుకుని తెరను ముట్టుకుంది.

వచ్చిన ఆఫీసరు మర్యాదస్తుడే. చెప్పులు బయట విప్పి వచ్చాడు. సార్ ఇద్దరిని ముందు వరుసలో కూర్చోబెట్టారు, సరోజను, తర్వాత నన్ను. పదమూడో ఎక్కం రాయమన్నాడు ఆయన. సరోజ లేచి, జడ వెనక్కి వేసుకుని, ఒక్క వేలితో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. నాలుగు వరుసలు. నేను ఆమె భుజం మీదుగా చూస్తున్నాను, ఏ వరుస లేదో కనపడుతూనే ఉంది. ఆమె ఆఖరి మీట నొక్కింది. తెర మీద పదమూడు పడింది. దాని కింద పదమూడు. దాని కింద మళ్లీ పదమూడు. తెర నిండిపోయి పైకి జరగడం మొదలైంది. పిల్లలు ముందు అంకెలు చూడకుండా, మిషన్ నడుస్తోందన్న సంబరంలో చప్పట్లు కొట్టారు. సరోజ కూడా నవ్వింది, ఒక్క క్షణం. తర్వాత చప్పట్లు ఆగిపోయాయి. దాన్ని ఆపే మీట ఏదో సార్‌కు కంగారులో గుర్తు రాలేదు. ఆయన గోడ దగ్గరికి పరిగెత్తి స్విచ్చి తీసేశారు.

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. సార్ మొహం పాలిపోయింది. సరోజ నోటుబుక్కు తీసి, పై వరుసలు చదవకుండా, కింద నా సంతకాలు వరుసగా తిప్పి చూసి, నా వైపు తిరిగి, "కాగితం మీద ఇవన్నీ నడిచాయి కదమ్మా. నడిపింది నువ్వే. ఏమైంది?" అని అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నేనే కలిపాను సార్, ఆ ఒక్క వరుస చెబితే రాస్తుంది, ఇంకోసారి రాయనియ్యండి అంటే సరిపోయేది. ఆ మాటలు నాకు వరుసగా తెలుసు, ఇప్పటికీ తెలుసు. సరోజ నన్ను చూస్తోంది. నిందగా కాదు, ఏం జరిగిందో నాకు తెలిసి ఉంటుందని నమ్మి చూస్తోంది. నాకు భయం కూడా వేయలేదు. భయం వేసి ఉంటే ఈపాటికి నన్ను నేను క్షమించుకునేదాన్ని. నాలో ఏమీ లేదు. "తెల్వది సార్" అన్నాను. ఆయన తల ఊపి, మళ్లీ మిషన్ పెట్టి, నన్ను కూర్చోమన్నారు. నేను అయిదు వరుసలు కొట్టాను. పదమూడు, ఇరవై ఆరు, ముప్పై తొమ్మిది, నూటముప్పై దాకా వచ్చి తెర ఆగింది.

ఆ సాయంత్రం నాన్న జిలేబీ తెచ్చాడు. అమ్మ పోయాక మా ఇంట్లో తీపి రావడం అదే మొదలు. అవ్వ నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేసింది. నాన్న రేడియో కట్టేసి, మీ అమ్మ ఉంటే ఎంత మురిసేదో అని మొదటిసారి అమ్మ పేరెత్తాడు. నేను జిలేబీ తిన్నాను. మర్నాడు పొద్దున బడికి పోతే సరోజ నీళ్ల ట్యాంకు దగ్గర ఉంది. నన్ను కూర్చోబెట్టి ఎప్పటిలాగే జడ వేసింది. కంప్యూటర్ మాట ఎత్తలేదు. పరీక్షలయ్యే దాకా వేసింది. పరీక్షలయ్యాక బడికి రాలేదు. సార్ ఇంకోసారి వాళ్లింటికి పోయారు, ఈసారి వాళ్ల నాయిన మంచం వేసి, చాయ్ ఇచ్చి, దండం పెట్టి పంపాడని విన్నాను. పదో తరగతిలో నా జుట్టు నేనే దువ్వుకోవడం నేర్చుకున్నాను. వాళ్ల గల్లీ మా ఇంటికి పావుగంట నడక. నేను ఒక్కసారి కూడా పోలేదు.

ఆ తర్వాత నా బతుకు చెప్పడానికి ఎక్కువ లేదు. సర్కారు చదివించింది, సర్కారే ఉద్యోగం ఇచ్చింది. ఒక పెద్ద ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తూ, ఎదుటివాళ్లు రాసినవి దిద్దుతూ గడిపాను. నా కింద పనిచేసిన పిల్లలు మేడమ్ తప్పు ఒక్కటి వదలదు, కనికరం లేదు అని చెప్పుకునేవారు. నిజమే, వదిలేదాన్ని కాదు. ఎవరి తప్పూ నా చేత్తో దిద్దేదాన్ని కాదు, వాళ్ల చేతే దిద్దించేదాన్ని. ఇప్పుడు పిల్లలు సగం వరుస రాస్తే మిషనే మిగతా సగం రాసి పెడుతోంది. మర్చిపోయినది చెప్పకుండానే కలిపేస్తోంది. మేము నెలల తరబడి మిషన్ లేకుండా నేర్చుకున్నాం, వీళ్లు మిషన్‌తో నేర్చుకోవాల్సిన పనే లేకుండా ఉన్నారు. ఏది మేలో నన్నడిగితే చెప్పలేను. మా కాలమే గొప్పదని చెప్పుకునే హక్కు నాకు లేదు.

ఆదివారం చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద బస్సు దిగి సరోజ ఇంటికి పోయాను. ముందు గదిలో కుట్టు దుకాణం, వెనక ఇల్లు. నాలుగు మిషన్లున్నాయి, ఆదివారం కాబట్టి గుడ్డలు కప్పి ఉన్నాయి. చేతులకు గాజుల రాళ్ల మెరుపు లేదు, సుద్దముక్క పొడి ఉంది. పెళ్లయిందని, మొగుడు మంచివాడని, ఉన్నన్నాళ్లు మంచిగా చూసుకున్నాడని, కొడుకు ఆటో షోరూంలో పనిచేస్తున్నాడని చెప్పింది. నా సంగతులు అడిగింది. ఆమె నాతో ఎంత ఆదరంగా ఉందంటే నాకు కూర్చోవడం కష్టమైంది. అంతలో పన్నెండేళ్ల మనవరాలు లాప్‌టాప్ పట్టుకుని వచ్చి, బడిలో ఇచ్చిన ప్రోగ్రాం నడవడం లేదు నానమ్మా అంది. సరోజ నవ్వి, "నన్నడుగుతవేందే. ఈ మేడమ్‌నడుగు, గీమె పెద్ద ఆఫీసర్. నాకు అప్పుడే బుర్రకెక్కలే బిడ్డా. అందరి ముంగట ఇజ్జత్ పోయింది" అంది. తేలిగ్గా అంది, ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన మాటలాగా.

నేను చెప్పేశాను. మనవరాలు పక్కనే ఉండగా చెప్పాను. నీ ప్రోగ్రాములు కాగితం మీద కూడా ఎప్పుడూ నడవలేదు, నేనే కలిపి నడిపాను, ఆ రోజు సార్ అడిగితే తెల్వదని అబద్ధం చెప్పాను అన్నాను. సరోజకు ముందు అర్థం కాలేదు. ఏం కలిపినవని అడిగింది. బల్ల మీద బ్లౌజు కొలతలు రాసుకునే పుస్తకం తీసుకుని, ఆమె ఆ రోజు కొట్టిన నాలుగు వరుసలు రాశాను. రెండో వరుసకూ మూడో వరుసకూ మధ్య బాణం గీసి, ఎ కి ఒకటి కలుపు అని రాసి చూపించాను. ఇది లేకపోతే దానికి ఒకటి తర్వాత రెండని తెలియదు అని చెప్పాను. సరోజ కళ్లద్దాలు పెట్టుకుని, పుస్తకం దగ్గరికి తీసుకుని, ఆ వరుస మీద వేలు పెట్టి చదివింది. రెండోసారి చదివింది.

"గింతేనా?" అంది.

"గంతే."

"అప్పుడే చెప్తే మళ్ల రాయనిచ్చెటోళ్లా?"

"ఇచ్చెటోళ్లు" అన్నాను. ఇంకో అబద్ధం చెప్పడం నాకు చేత కాలేదు.

ఆమె పుస్తకం మూయలేదు. ఆ వరుస మీద పెట్టిన వేలు తీయలేదు. మనవరాలు ఏం చేయాలో తెలియక మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. "నాయిన బడి బంద్ చేయించిననాడు నేను ఏడ్వలే సుగుణా" అంది సరోజ చివరికి, నాతో కాదు, పుస్తకంతో చెబుతున్నట్టు. "నాకు సదువు రాదు గద, రానిదాని కోసం ఏడ్సుడెందుకు అనుకున్న. నాయిన జేసిందే మంచిది అనుకున్న." అని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, పిల్ల ముందరే, తొమ్మిదో తరగతి పిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. నేను లేచి ఆమె పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు.